కాళ్లలో వేగం ఉన్న రోజులు

ఒకప్పుడు సైకిలు తొక్కిన నలుగురు పెద్దలు ఒకచోట కూర్చుంటే, ఏ విషయంతో మొదలైన సంభాషణ అయినా కొంతసేపటికి "ఆ రోజుల్లో" అన్న మాట దగ్గరికి చేరుకుంటుంది. ఆ రోజుల్లో తెనాలి నుండి గుంటూరుకు ముప్పావు గంటలో వెళ్లేవాణ్ణని ఒకరంటారు. అదీ వెనుక క్యారియరుకు రెండు పాలక్యాన్లు కట్టుకుని! వినేవారు తలలూపుతారు. నేను పిల్లలకు వ్యాకరణంతోపాటు వారసత్వ భాగాల లెక్కలు కూడా బోధించేవాణ్ణి గనుక నా మనసు వెంటనే భాగహారంలోకి దిగుతుంది. ఆ రెండు ఊళ్ల మధ్య దాదాపు పాతిక కిలోమీటర్ల దారి. ముప్పావు గంటలో పాతిక అంటే గంటకు 33 కిలోమీటర్ల పైమాట. 1893లో పారిస్ నగరంలో హెన్రీ దెగ్రాంజ్ అనే యువకుడు చదునైన పందెపు బాటపై గంటసేపు తొక్కి 35.325 కిలోమీటర్లు వెళితే, దానిని ప్రపంచ రికార్డుగా రాసుకున్నారు. పదేళ్ల తర్వాత ప్రసిద్ధమైన 'టూర్ ద ఫ్రాన్స్' పందేన్ని ప్రారంభించింది కూడా ఆయనే. మన పెద్దాయన పాలక్యాన్లతో సహా ఆ రికార్డుకు రెండు కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోయారన్నమాట.

ఆయన అబద్ధమాడుతున్నారని నేను అనను. ఆయనకు గుర్తున్నది గడియారం కాదు. మోకాలు నొప్పి ఎరుగని తొక్కుడు, చెవుల పక్క నుండి దూసుకుపోయే గాలి, ఎదురుగా వచ్చే ఊరు ఇంత త్వరగా వచ్చేసిందేమిటన్న ఆశ్చర్యం, ఇవీ ఆయనకు గుర్తున్నవి. వీటిని నిమిషాల్లోకి మార్చమంటే మనసు ఉదారంగా వ్యవహరిస్తుంది. అయితే లోకంలో కొందరికి ఈ సౌకర్యం లేదు. వారి వేగాన్ని అధికారులు కొలిచి, మీటర్లతో సహా పుస్తకాలకెక్కించారు. అటువంటివారు వెనుదిరిగి చూసుకున్నప్పుడు ఏమి చెప్పుకున్నారన్నది తెలుసుకోదగిన విషయం.

సైకిలు పందేల్లో 'గంట రికార్డు' అని ఒకటుంది. దాని నియమం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. గుండ్రటి పందెపు బాటపై ఒంటరిగా అరవై నిమిషాలు తొక్కాలి. ఎంత దూరం వెళ్లారో కొలుస్తారు. పక్కన పోటీదారుడు ఉండడు, ముందు గాలిని అడ్డుకునేవారు ఉండరు, ఇరుసుమీద జారిపోయే దిగుడు ఉండదు. బెల్జియం దేశస్థుడైన ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో ఈ పరీక్షకు నిలబడి 49.431 కిలోమీటర్లు వెళ్లాడు. సముద్ర మట్టానికి రెండు వేల రెండు వందల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న నగరమది. అక్కడ గాలి పలుచన కాబట్టి సైకిలును వెనక్కి నెట్టడం తక్కువ, కాని అదే కారణాన ఊపిరి అందడం కూడా తక్కువ. నిమిషానికి సుమారు 824 మీటర్ల చొప్పున, ఒక్క నిమిషం విరామం లేకుండా. తన జీవితంలో అంతటి కష్టమైన ప్రయత్నం మరొకటి లేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మళ్లీ ఎన్నడూ దాని జోలికి పోలేదు.

ఆయన అత్యంత వేగంగా ఉన్న రోజు అదేనని మనం అనుకుంటాం. లోకమూ అలాగే అనుకుంది. కాని మెర్క్స్ తన ఉత్తమ దశ అప్పటికే ముగిసిపోయిందని అంటూ వచ్చాడు. 1969 జూలైలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆయన మొదటిసారి టూర్ ద ఫ్రాన్స్‌లో పాల్గొని దాదాపు 18 నిమిషాల ఆధిక్యంతో గెలిచాడు. పర్వత మార్గంలో ఒక రోజు తక్కినవారిని వెనక విడిచి 140 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కుకుపోయాడు. అది జరిగి రెండు నెలలు కాకముందే, సెప్టెంబరు 9న, ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణంలో జరిగిన ఒక పందెంలో ప్రమాదం సంభవించింది. మోటారు వాహనం ముందు నడుస్తుంటే దాని వెనుక సైకిలు తొక్కే పందెమది. మెర్క్స్ వాహనాన్ని నడుపుతున్న మనిషి అక్కడికక్కడే మరణించాడు. మెర్క్స్ తలకు దెబ్బ తగిలి స్పృహ కోల్పోయాడు. వెన్నుపూస, కటి ఎముక దెబ్బతిన్నాయి. ఆయన కోలుకున్నాడు. మరో నాలుగుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు, మెక్సికోలో గంట రికార్డు సాధించాడు. అయినా ఆ రోజు తర్వాత కొండలెక్కేటప్పుడు తాను మునుపటి మనిషిని కానని ఆయన ఫిర్యాదు. నొప్పి కుదురుగా కూర్చోనివ్వక సైకిలు సీటును ఎత్తుతూ దించుతూ ఉండేవాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఈ మనిషి సాధించిన గెలుపుల్లో అత్యధికం, ఆయన 'నేను తగ్గిపోయాను' అనుకున్న తర్వాతే వచ్చాయి. చూసేవారికి ఆ తరుగు కనిపించనే లేదు. అది ఆయన నడుముకు మాత్రమే తెలుసు. మన ఇళ్లలో కూడా చాలామంది ఇటువంటి లెక్కను ఎవరికీ చెప్పకుండా మోస్తూ ఉంటారని నా అనుమానం. ప్రసవం తర్వాత మునుపటిలా లేనని ఇల్లాలికి తెలుస్తుంది. వంటా ఇల్లూ యథావిధిగా నడుస్తున్నాయి గనుక తక్కినవారికి తెలియదు.

సరే, కొలిచిన సంఖ్యనైనా నమ్మవచ్చునా అంటే, అందులోనూ చిక్కుంది. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో మోజెర్ 1984లో అదే మెక్సికో నగరంలో 51.151 కిలోమీటర్లు తొక్కి మెర్క్స్ రికార్డును దాటాడు. పదేళ్లు గడిచాయి. ఆయనకు నలభై రెండేళ్లు వచ్చాయి. 1994లో మళ్లీ అక్కడికే వెళ్లి 51.840 కిలోమీటర్లు తొక్కాడు. అంటే ముప్పై రెండేళ్ల తనకన్నా నలభై రెండేళ్ల తాను 689 మీటర్లు ముందున్నాడు! వార్ధక్యాన్ని ఓడించాడని సంతోషించబోతే, ఈలోగా సైకిళ్లూ, వాటిపై కూర్చునే భంగిమా మారిపోయాయన్న సంగతి అడ్డు వస్తుంది. వేగమెంత మనిషిది, ఎంత యంత్రానిది?

ఈ ప్రశ్నకు ఇంగ్లాండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ జీవితం ఒక జవాబు. 1996లో మాంచెస్టర్‌లో చేతులు బారచాపి ముందుకు సాగదీసుకుని పడుకున్నట్లుండే ఒక విచిత్ర భంగిమలో ఆయన గంటలో 56.375 కిలోమీటర్లు వెళ్లాడు. తర్వాత సైక్లింగ్ సమాఖ్య ఆ భంగిమలను పక్కనపెట్టి, మెర్క్స్ కాలంనాటి సైకిలువంటి దానిపైనే తొక్కాలని నియమం చేసింది. 2000 అక్టోబరులో బోర్డ్‌మన్ అదే మాంచెస్టర్‌లో అటువంటి సైకిలెక్కాడు. అప్పటికి ఆయన ఎముకలు గుల్లబారే జబ్బుతో ఉన్నాడు. దానికి వాడవలసిన మందు పందెగాళ్లకు నిషిద్ధం, కాబట్టి ఈ పందెంతో విరమించుకోవాలని నిశ్చయించుకున్నాడు. గంట ముగిసేసరికి 49.441 కిలోమీటర్లు. తన పాత లెక్కకు దాదాపు ఏడు కిలోమీటర్లు తక్కువ, మెర్క్స్ లెక్కకు పది మీటర్లు ఎక్కువ. ఇరవై ఎనిమిదేళ్ల ఎడంతో ఇద్దరు మనుషులు ఒకే రకం సైకిలెక్కితే మిగిలిన తేడా పది మీటర్లు. మన మసీదు వరండా అంత పొడవు కూడా లేదు! నాకైతే ఆ 56 కన్నా ఈ 49లోనే ఎక్కువ నిజం కనిపిస్తుంది.

శరీరం సంగతికి వస్తే, దాని తరుగు ఎవరినీ విడిచిపెట్టదు. గుండె గరిష్ఠంగా కొట్టుకోగల వేగం ఏటేటా కొంచెంగా తగ్గుతుంది. కండరాలకు ప్రాణవాయువును అందించే శక్తి కూడా ముప్పై దాటిన తర్వాత దశాబ్దానికి దాదాపు పదో వంతు చొప్పున తరుగుతుందని శరీరశాస్త్రజ్ఞులు సాధారణంగా చెబుతారు. శ్రమ మానని వారిలో ఈ తరుగు నెమ్మదిగా ఉంటుంది. 'ఆ రోజుల్లో' అని నిట్టూర్చేవారు మొదటి మాటను వింటారు, రెండో మాటను వినరు.

రెండో మాటకు సాక్షిగా ఒక పొట్టి మనిషిని చూపిస్తాను. 1911లో ఫ్రాన్స్‌లో జన్మించిన రోబెర్ మర్షాన్ ఎత్తు 1.52 మీటర్లు. యువకుడిగా ఉన్నప్పుడు ఒక శిక్షకుడు ఆయనను ఎగాదిగా చూసి, ఈ ఆకారంతో నీవు సైకిలు పందేల్లో ఎన్నటికీ పైకి రాలేవని చెప్పాడు. ఆయన సైకిలు వదిలేశాడు. అగ్నిమాపక దళంలో పనిచేశాడు, వెనిజువెలాకు వలస వెళ్లాడు, కెనడాలో చెట్లు నరికాడు, తిరిగి స్వదేశం చేరుకున్నాడు. అరవై దాటిన తర్వాత మళ్లీ సైకిలెక్కాడు. 2012లో, నూరేళ్లు నిండిన తర్వాత, గంట పరీక్షకు నిలబడి 24 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. రెండేళ్లకు, 102వ ఏట, 26.927 కిలోమీటర్లు. తగ్గవలసింది పెరిగింది! ఆయనను పరీక్షించిన శాస్త్రవేత్తలు ఈ సంగతిని నమోదు చేశారు. ఏడాదికి 5,000 కిలోమీటర్ల చొప్పున, అందులో నాలుగు వంతులు తేలికగా, ఒక వంతు కష్టపడి తొక్కే క్రమంలో రెండేళ్లు గడిచేసరికి, ప్రాణవాయువును వినియోగించుకునే శక్తి సుమారు 13 శాతం పెరిగింది. తొక్కుడు బలం 90 వాట్ల నుండి 125 వాట్లకు చేరింది.

2017 జనవరిలో, 105 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ పందెపు బాటపైకి వచ్చి 22.547 కిలోమీటర్లు తొక్కాడు. అంతకుముందు కన్నా నాలుగు కిలోమీటర్లకు పైగా తక్కువ. విలేఖరులు చుట్టుముట్టి అభినందిస్తుంటే ఆయన ఏమన్నాడో తెలుసా? ఇంకా పది నిమిషాలుందని చూపే పలక తన కంటపడలేదట. పడి ఉంటే ఇంకా వేగంగా తొక్కేవాణ్ణని ఆయన బాధ. కాళ్లు నొప్పి పెట్టలేదు గాని చేతులే సలుపుతున్నాయన్నాడు. 2021లో, 109 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన వెనుదిరిగి చూసుకునే ఉంటే, అత్యంత వేగంగా ఉన్న రోజు 102వ ఏట కనిపించి ఉండేది. యౌవనంలో ఎవరో మూసిన తలుపు వెనుక ఏముండేదో ఎవరికీ తెలియదు.

ఆ శిక్షకుడి మాట నన్ను కొంతకాలంగా వదలడం లేదు. మన పెద్దాయనల విషయంలో 'ఆ రోజుల'ను ముగించింది వయసు. అందరి విషయంలో అలా కాదు. మా మదరసాకు పిల్లవాణ్ణి పంపే ఒక తల్లి ఒకనాడు ఫీజు కట్టడానికి వచ్చి, కొంత తటపటాయించి ఒక మాట అడిగింది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. చిన్నప్పుడు అన్నయ్య సైకిలు మీద బడికి వెళ్లేదట. "ఎనిమిదో తరగతి పరీక్షల చివరి రోజు కాలవకట్ట మీద అన్నయ్యను దాటేశాను, హజ్రత్. అన్నయ్య తన స్నేహితుడి సైకిలు మీద ఉన్నాడు. అంత వేగంగా నేనెప్పుడూ వెళ్లలేదు" అంది. సెలవుల తర్వాత ఎదిగిన పిల్లవు ఇక చాలన్నారు. బడీ ఆగింది, సైకిలూ ఆగింది. ఇప్పుడు ఆమె కూతురికి ప్రభుత్వ బడిలో ఇచ్చిన సైకిలు ఇంటి ముందు ఉంది. ఫజ్ర్ నమాజు తర్వాత, వీధి మేలుకోకముందు, దానిని తొక్కవచ్చునా అన్నది ఆమె ప్రశ్న.

ఈమె వేగాన్ని తగ్గించింది మోకాళ్లు కావు. పద్నాలుగేళ్లకే గుండె తరగడం మొదలవదు కదా!

నాకు వెంటనే గుర్తుకొచ్చింది హదీసు గ్రంథాలలో, అబూదావూద్‌లో ఉన్న ఒక ఉదంతం. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగు పందెం వేశారు, ఆమె గెలిచారు. కొంతకాలం గడిచి ఆమె ఒళ్లు చేసిన తర్వాత మరొక ప్రయాణంలో మళ్లీ పందెం వేస్తే ఆయన గెలిచి, ఇది ఆనాటి పందేనికి బదులు అన్నారు. ఈ సంగతిని మనకు చెప్పింది హజ్రత్ ఆయిషాయే (ర.అన్హా). ఒకప్పుడు తాను వేగంగా ఉన్నాననీ, తర్వాత ఒళ్లు బరువెక్కి వెనుకబడ్డాననీ ఆమె దాచుకోకుండా చెప్పారు. ఓడిపోతానేమోనని ఆ రెండో పందెం మానుకోలేదు. ఈ ఉదంతాన్ని మనం దాంపత్య ప్రేమకు ఉదాహరణగా ఎన్నోసార్లు వినిపిస్తాం గాని, ఒళ్లు చేసిన స్త్రీ పరుగెత్తడం అందులో ఉన్నదన్న సంగతి దగ్గర ఆగం.

ఇందులో ఫత్వా అడగవలసిన విషయమేమీ లేదమ్మా అని ఆమెకు చెప్పాను. దుస్తులు చక్రంలో చిక్కుకోకుండా చూసుకోమన్నాను. గొలుసుకు కవరుందో లేదో అడిగాను. ఆమె భర్త మసీదులో కనబడినప్పుడు ఈ ప్రస్తావన తెచ్చాను. ఆయన కొంచెం నవ్వి, కొంచెం ఆలోచించి, బ్రేకులు బిగించి ఇస్తానన్నాడు. అంతకన్నా ఎక్కువగా నేను ఆశించలేదు.

నెల రోజుల తర్వాత పిల్లవాడి ద్వారా కబురు తెలిసింది. ఇంటి నుండి కాలవకట్ట చివరి దాకా వెళ్లి రావడానికి వాళ్లమ్మకు ఇరవై రెండు నిమిషాలు పట్టిందని అక్క ఫోనులో చూసి చెప్పిందట. అది కూతురి సైకిలు కాబట్టి సీటు ఆమెకు బాగా కిందికి ఉంది. పానా తెచ్చి రెండు అంగుళాలు పైకి లేపితే ఇంకా తక్కువ పట్టేదని అమ్మ అంటోందట.