సాగదీసి గెలిస్తే ఏం నేర్చుకున్నట్టు?



సాఫ్ట్‌బాల్‌కు అసలు గడియారం లేదు. రూల్ ప్రకారం ఏడు ఇన్నింగ్స్. కానీ సరదా మ్యాచ్‌లలో గ్రౌండ్ ఖాళీ చేయాలి కాబట్టి "ఇన్ని నిమిషాలు దాటితే కొత్త ఇన్నింగ్ మొదలుపెట్టం" అని ముందే అనుకుంటాం. సాగదీత మొదలయ్యేది అక్కడే. లీడ్‌లో ఉన్న టీమ్ పిచర్ బంతి పట్టుకుని నిలబడిపోతుంది. బ్యాటర్ గ్లవ్స్ మూడుసార్లు సర్దుకుంటుంది. ఊడని షూ లేస్ మళ్ళీ కట్టుకుంటారు. గ్రౌండ్ బయటి నుంచి "మెల్లగా వెళ్ళమ్మా, టైమ్ అయిపోతోంది" అని పెద్దవాళ్ళ సలహా!

"అదీ తెలివే కదా మేడమ్?" అని కొందరు పేరెంట్స్ అడుగుతారు. నష్టం ఎవరికో చూడండి. బ్యాటింగ్ వరుస ప్రకారం వస్తుంది. ఒక ఇన్నింగ్ పోతే ఎనిమిదో, తొమ్మిదో స్థానంలో ఉన్న పాపకు బ్యాట్ పట్టే అవకాశమే పోవచ్చు. ఆ పాప కూడా పొద్దున్నే లేచి ఆడాలనే వచ్చింది.

పెద్దల ఆటల్లోనూ ఈ సమస్య ఉంది. కబడ్డీలో రెయిడ్‌కు 30 సెకన్లే. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2023లో పిచ్ క్లాక్ పెట్టాక మ్యాచ్ సగటు సమయం సుమారు 24 నిమిషాలు తగ్గింది. అంతర్జాతీయ వన్డేలు, టీ20ల్లో ఫీల్డింగ్ జట్టు కొత్త ఓవర్ మొదలుపెట్టడానికి 60 సెకన్లు దాటితే రెండు హెచ్చరికలు, మూడోసారి 5 పరుగుల పెనాల్టీ. ఈ రూల్స్ ఆటగాడి మనసులో ఏముందో అడగవు, సెకన్లు లెక్కపెడతాయి.

మనమూ అదే చేద్దాం. దెబ్బ తగిలిన పిల్లను, భయంతో తటపటాయించే పిల్లను "నాటకాలు" అనకూడదు కదా! నా సూచనలు మూడు. వీలైన చోట నిమిషాలు కాకుండా మూడో, నాలుగో ఇన్నింగ్స్ అని ముందే ఖాయం చేద్దాం. టైమ్ లిమిట్ తప్పదంటే గ్రౌండ్‌ను పది నిమిషాలు ఎక్కువ అడిగి, ఆట ఆగినప్పుడల్లా అంపైర్ వాచ్ కూడా ఆపాలి. అప్పుడు సాగదీసి లాభం ఉండదు. ఒక హెచ్చరిక తర్వాత కూడా ఆలస్యం చేస్తే పిచర్‌కైతే ఒక బాల్, బ్యాటర్‌కైతే ఒక స్ట్రైక్ ఇవ్వాలి.

మిమ్మల్ని కోరేది రెండే. గ్రౌండ్ బయటి నుంచి "మెల్లగా" అనకండి. పిల్లలు ఇంటికొచ్చాక "గెలిచారా?" అనే ముందు "ఈరోజు అందరికీ బ్యాటింగ్ వచ్చిందా?" అని అడగండి.