ఒంట్లో నీరు తీయడానికి పట్నం దాకా ఎందుకు?

గుండె బలం తగ్గితే కాళ్లు ఉబ్బుతాయి, కడుపులో నీరు చేరుతుంది, పడుకుంటే ఆయాసం. దవాఖానలో ఇంజెక్షన్లతో నీరు తీసి పంపుతారు. కొందరికి కొన్నాళ్లకు ఆ మందూ పనిచేయదు. మళ్లీ అంబులెన్స్, మళ్లీ పట్నం, మళ్లీ అప్పు. పేదోడి గుండెకు ఇదేనా రాసిపెట్టింది?

మరో దారి ఉంది. అదే పెరిటోనియల్ డయాలసిస్. పొట్టలోకి మెత్తటి గొట్టం అమర్చి, గ్లూకోజ్ ద్రావణం నింపుతారు. కడుపు లోపలి పొరే జల్లెడగా పనిచేసి, ఒంట్లోని నీరూ ఉప్పూ ఆ ద్రావణంలోకి దిగుతాయి. కొన్ని గంటలకు దాన్ని బయటికి వదలాలి. ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణమైతే కొందరికి రోజుకు ఒక్కసారి చాలు. నీరు మెల్లగా తగ్గుతుంది గనుక బలహీనమైన గుండె తట్టుకుంటుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇది సర్వరోగ నివారిణి అని మేం అనడం లేదు. శుభ్రత తప్పితే కడుపు పొరకు ఇన్ఫెక్షన్ వస్తుంది. దవాఖానలో పడుండే రోజులు తగ్గాయని చిన్న అధ్యయనాలు చెప్పాయి. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం పెద్ద పరీక్షలేవీ తేల్చలేదు.

2016లో కేంద్రం జిల్లా దవాఖానల్లో డయాలసిస్ పథకం పెట్టింది. 2019లో పెరిటోనియల్ పద్ధతికీ మార్గదర్శకాలిచ్చింది. అవి కిడ్నీలు చెడినవాళ్ల కోసం. మందుకు లొంగని గుండె రోగిని కూడా అందులో చేర్చాలని మేం అడుగుతున్నాం. ఎవరికి పనికొస్తుందో గుండె డాక్టరూ కిడ్నీ డాక్టరూ కలిసి తేల్చాలి. నర్సు ఇంటివాళ్లకు నేర్పాలి. ద్రావణం సంచులు రోగి గడపకే చేరాలి. ఇది దయ కాదు, హక్కు.