సిపాయి పేరు

మన గ్రామములలో ననేక గృహములందు పాతపెట్టె యడుగున నొక వెండిపతకము కానవచ్చును. “మా తాతగారు యుద్ధమునకు వెళ్ళినారట” అనుటకు మించి యింటివారు చెప్పజాలరు. ఆయన యే దళమున చేరెనో, యే సముద్రమును దాటెనో చెప్పగల వృద్ధులు ఒకరొకరుగా గతించుచున్నారు.

1914-18 యుద్ధమునకు మనదేశమునుండి సుమారు 13 లక్షలమంది వెళ్ళిరి. 74 వేలమంది మృతినొందిరి. 1939-45 యుద్ధమున 25 లక్షలమంది సైన్యమున చేరిరి. తాడేపల్లిగూడెమునకు సమీపమునగల మాధవరమునకు “మిలిటరీ మాధవరము” అను పేరు ఊరక రాలేదు. పరప్రభుత్వపు జెండాక్రింద పోరినవారిని మనమేల స్మరింపవలెనని కొంద రడుగవచ్చును. వారిలో ననేకులు జెండాను ప్రేమించి కాదు, కూటికై పోయినారు. వారిని పంపినవారు వారి నెట్లు స్మరించిరో చూడుడు: బస్రా స్మారకముపై బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కించి, మన సామాన్య సిపాయీలను దళమువారీగా సంఖ్యలుచేసి విడిచిరి. ఇట్టి వివక్ష జరిగినదని కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘమువారే 2021లో నంగీకరించి క్షమాపణ చెప్పినారు. శతాబ్దము పిదప వచ్చిన క్షమాపణ మన తాతల చరిత్రను మన యింటికి తెచ్చియీయదు. దానిని వెదకవలసినవారము మనమే.

మొదట పతకపు అంచును పరిశీలింపవలెను. మొదటి యుద్ధపు వెండిపతకముపై సిపాయి సంఖ్య, పేరు, దళము చెక్కబడియుండును. ఆ పతకము కంసాలి మూసలో కరగెనేని ఆధారమును దానితోనే కరగును. మృతుల పేర్లను పై సంఘమువారి జాబితాలో ఉచితముగా వెదకవచ్చును. అయితే ఆనాటి గుమాస్తాలు పలుమారు ఇంటిపేరు విడిచి, సిపాయి పేరు, తండ్రిపేరు, ఊరు మాత్రమే, అవియు తమ చెవికి తోచినట్లు, ఇంగ్లీషున వ్రాసికొనిరి. కావున విశాఖపట్టణమును “వైజాగపటం” అనియు, కృష్ణను “కిస్ట్నా” అనియు వెదకవలెను. సజీవులై తిరిగివచ్చినవారి సంగతి విచారింపవలసినచోటు దళకేంద్రము. మద్రాసు రెజిమెంటుకు నీలగిరులలోని వెల్లింగ్టనునందును, మద్రాసు సాపర్లకు బెంగుళూరునందును కేంద్రములు గలవు. సంఖ్య, దళము తెలిపి వ్రాసిన జాబునకును, కేవలము పేరు తెలిపి వ్రాసిన జాబునకును ఎంతయో భేదముండును.

పంజాబు సిపాయీల వివరములను 1919 ప్రాంతమున గ్రామములవారీగా వ్రాసిన పుస్తకములు లాహోరు మ్యూజియములో దాదాపు నూరేండ్లు నిద్రించినవి. అందలి 3,20,000 మంది వివరములు 2021నుండి ప్రజలకు వెల్లడి యగుచున్నవి. పంజాబు రైతుబిడ్డకు దక్కిన యీ భాగ్యము తెలుగు రైతుబిడ్డకేల దక్కరాదు? కేంద్రప్రభుత్వమువారు దళకేంద్రములందలి పాతపత్రములను పేర్లవారీగా ముద్రించి, ఎల్లరు చూచుకొనుటకు వీలు కల్పింపవలెను. ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును జిల్లా కచ్చేరీలలోని పాతకాగితములను చెదలపాలు కానీయక భద్రపరుపవలెను.

ప్రభుత్వములు కదలునంతవరకు మనము వేచియుండ పనిలేదు. ఇంట పతకమున్నవారు దాని యంచునగల యక్షరములను నేడే కాగితముపై నెత్తి వ్రాసికొని, వృద్ధులున్న యిండ్లవారు వారి జ్ఞాపకములను వినియుంచుకొందురుగాక యని మా మనవి.