పంట కోసేవారు విత్తినవారిని మరవరాదు

బడులు తెరిచి ఆటల పోటీలు దగ్గర పడ్డాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లె హైస్కూళ్లలోని వ్యాయామోపాధ్యాయులకు ఒక బెంగ పట్టుకుంటుంది. మూడేళ్లపాటు తెల్లవారుజామునే లేపి పరుగెత్తించిన కుర్రవాడు ఈ ఏడు తమ జట్టులో ఉంటాడా, టి.సి. పట్టుకొని పట్నం బడికి పోతాడా అన్నదే ఆ బెంగ. ఒకప్పుడు గ్రిగ్స్ పోటీలు అనేవారు, ఇప్పుడు స్కూల్ గేమ్స్ అంటున్నారు. పేరు మారినా, పక్క బడి ఆటగాడిపై కన్ను వేసే అలవాటు మాత్రం పోలేదు. ఫీజు మాఫీ, హాస్టలులో భోజనం, ఒక జత బూట్లు ఇస్తామంటే కూలినాలి చేసుకునే తల్లిదండ్రులు కాదనగలరా?

కాదనాలని ఎవరూ కోరరు. బిడ్డ పైకి రావాలంటే ఊరు దాటక తప్పదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి కథే ఇందుకు సాక్ష్యం. 1990లో సోదరి వెంట జాతీయ శిబిరానికి వెళ్లిన ఆమె, విదేశీ శిక్షకుడు లియొనిద్ తరనెంకో కంట పడింది. 1994, 1995లలో ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. అయితే తరనెంకో చూసేనాటికే ఆమె చేతిలో బలం, ఒంట్లో ఒడుపు ఉన్నాయి. వాటిని పెంచినది ఈ గడ్డపై నీలంశెట్టి అప్పన్న వంటి శిక్షకులు. ఎంపిక చేసినవారి చూపు గొప్పదే. కాని ఎంచుకోవడానికి ఒక బిడ్డను సిద్ధం చేసి ఉంచిన చేయి అంతకన్న గొప్పది.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ సంగతీ ఇంతే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం పొందిన మత్స సంతోషి ఆ ఊరి బిడ్డ. మొదట దక్కింది కాంస్యమే. ప్రథమ స్థానంలో నిలిచిన నైజీరియా క్రీడాకారిణి మందుల పరీక్షలో దొరికిపోవడంతో అది రజతమైంది. పండుగలకు సంగిడీలు ఎత్తి, తాలింఖానాల్లో కసరత్తు చేసే అలవాటున్న ప్రాంతం ఇది. ఇటువంటి ఊళ్లలో ఎదిగిన పిల్లలను సైన్యం, రైల్వే, పోలీసు శాఖలు ఏరుకుంటున్నాయి. పిల్లలకు ఉద్యోగాలు దొరకడం సంతోషకరమే. కాని వారిని తయారు చేసిన తాలింఖానాకు మిగిలేదేమిటి? అరిగిన రాడ్డు, తుప్పుపట్టిన బిళ్లలు!

ప్రభుత్వ ఎంపిక విధానంలోనూ లోపముంది. 2014 విభజనతో హకీంపేట క్రీడా పాఠశాల తెలంగాణకు పోయింది. మనకు మిగిలిన క్రీడా పాఠశాల రాష్ట్రానికి ఆ చివర కడపలో ఉంది. నాలుగో తరగతి పిల్లల ఎత్తు, బరువు, పరుగు, దూకుడు కొలిచి తీసుకుంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పసివాడిని ఇచ్ఛాపురం నుంచి అంత దూరం పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? హైస్కూలులో ఆలస్యంగా విచ్చుకునే ప్రతిభ ఆ కొలతలకు అందుతుందా?

బయటి దేశాలు ఈ చిక్కుకు కొంత మందు కనిపెట్టాయి. అమెరికాలో ఆట కోసమని పక్క హైస్కూలు విద్యార్థిని ఆకర్షించడాన్ని రాష్ట్ర క్రీడా సంఘాలు సాధారణంగా నిషేధిస్తాయి. అలా బడి మారినవాడిని కొంతకాలం పోటీలకు దూరంగా ఉంచే నిబంధనలూ ఉన్నాయి. ఇక ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నియమం మరీ గమనార్హం. ఒప్పందం మధ్యలో ఆటగాడు డబ్బుకు క్లబ్బు మారితే, ఆ సొమ్ములో 5 శాతం వరకు అతడికి 12 నుంచి 23 ఏళ్ల నడుమ శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. విత్తినవాడికీ పంటలో పాలు ఉండాలన్న రైతు న్యాయమే ఇది.

ఇక్కడ కోట్ల రూపాయల ప్రసక్తి లేదు. అడగవలసినవి చిన్న కోరికలే. ఒక పిల్లవాడిని తీసుకున్న సంస్థ అతడి తొలి బడికో, తాలింఖానాకో ఏటా కొంత సామగ్రి పంపాలి. పతకం వచ్చిన నాడు ధృవపత్రంలో తొలి గురువు పేరు, ఊరి పేరు ఉండాలి. పోటీల కోసమే చదువు మధ్యలో బడి మార్పించితే, ఆ ఏడు కొత్త బడి తరఫున ఆడనీయరాదు. అన్నిటికన్న ముఖ్యం, మోకాలు దెబ్బతిన్నదనో ఎదుగుదల లేదనో తిప్పి పంపిన పిల్లవాడికి సొంత ఊరి బడిలో చోటు, వెనుకబడిన చదువుకు ఆసరా ఉండాలి. గెలిచినవాడికి దండలు వేసేవారు చాలామంది. పెట్టె సర్దుకొని తిరిగొచ్చినవాడి ముఖం చూసేది కన్నతల్లి, పాత మాస్టారు మాత్రమే.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి మద్రాసు వెళ్లి శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వచ్చి పిల్లలకు వ్యాయామం నేర్పారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ పేరుకు అసలైన గౌరవం ఊళ్లోని తాలింఖానాకు కొత్త రాడ్డు వచ్చిన నాడే. జిల్లా క్రీడాధికారులు, విద్యాశాఖ ఈ విషయాన్ని వచ్చే పోటీలలోపే పట్టించుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.