వాచీ ఇచ్చే భరోసాతో ఎండలోకి వెళ్లొద్దు

ఛాతీలో నొప్పి మొదలైతే చేతికున్న వాచీ వైపు చూడకండి. 108కి ఫోన్ చేయండి. గుండెపోటును మీ స్మార్ట్‌వాచీ పసిగట్టలేదు. వేలు పెడితే ఈసీజీ తీసే యాపిల్ వాచీ కూడా గుండెపోటును తాను గుర్తించలేనని తెరమీదే రాసి చూపిస్తుంది. అది చదివేవాళ్లు తక్కువ. పచ్చగా వెలిగే అంకె చూసి, 'అంతా బాగానే ఉంది, షిఫ్టు అయ్యాక చూద్దాం' అనుకునేవాళ్లు ఎక్కువ. మా భయమంతా ఆ భరోసా గురించే.

2023 ఒక్క ఏడాదిలోనే దేశంలో 5 కోట్లకు పైగా స్మార్ట్‌వాచీలు మార్కెట్లోకి వచ్చాయి. మణుగూరులో డంపర్ ఆపరేటర్ నుంచి బొగ్గు మీది మట్టిని తొలగించే ఓబీ కాంట్రాక్టు కార్మికుడి దాకా, భద్రాద్రి థర్మల్ కేంద్రంలో పనిచేసే కుర్రాళ్ల నుంచి కాలేజీ పిల్లల దాకా చేతికి ఏదో ఒకటి కనిపిస్తోంది. పదిహేను వందలు పెడితే గుండె వేగం, ఆక్సిజన్, బీపీ, నిద్ర అన్నీ చూపిస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది. కొడుకు కొనిచ్చాడని అరవై దాటిన తండ్రి, కంపెనీ చేయించే వైద్య పరీక్ష పీఎంఈలో బీపీ బయటపడిందని మధ్యవయసు కార్మికుడు దాన్ని కట్టుకుంటున్నారు. కట్టుకోవడం తప్పు కాదు. కానీ ఈ ఊళ్లో మనిషి ప్రాణం తీసేవి ఏవో, వాటిలో దాదాపు దేన్నీ ఆ వాచీ చూడలేదు.

ముందు ఎండ సంగతి. యాపిల్ కంపెనీ తన వాచీని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మణుగూరు, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఓపెన్‌కాస్ట్ గని అడుగున నల్లటి బొగ్గు, రాయి మధ్య పనిచేసేవాళ్లకు ఆ సెగ ఇంకా ఎక్కువ. వేలకు వేలు పోసి కొన్న వాచీకే హద్దు 35 దగ్గర ఉంటే, పదిహేను వందల వాచీ ఆ సెగలో చూపే అంకెను ఏ ధైర్యంతో నమ్ముతాం?

వడదెబ్బలో శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. వాచీ తాకేది మణికట్టు చర్మాన్ని. చెమట ఆరుతుంటే ఆ చర్మం చల్లగానే ఉంటుంది. నేరుగా ఎండ పడితే చర్మం సంగతి అటుంచి వాచీయే కాలిపోతుంది. రెండు సందర్భాల్లోనూ లోపలి వేడి ఎంతో దానికి తెలియదు. మనిషి తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా అది వడదెబ్బేనని అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు, కష్టపడి పనిచేసేవాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగులుతుంది. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనివ్వాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఎండలో వాచీ పనికొచ్చే చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. 180లోంచి వయసు తీసేయండి. ఆరోగ్యవంతుడైన మనిషి గుండె వేగం ఆ సంఖ్యను దాటి కొన్ని నిమిషాలపాటు అక్కడే ఉంటే పని ఆపాలన్నది అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ పెట్టిన కొలత. నలభై ఏళ్ల మనిషికి అది 140. వాచీ ఆ అంకె చూపిస్తే మేస్త్రీ ఏమన్నా సరే నీడకు వెళ్లండి. అయితే ఈ లెక్కను తిరగేసి వాడితేనే ముప్పు. అంకె తక్కువగా ఉంది కాబట్టి ఫరవాలేదు అనుకోకూడదు. బీపీకి ఎటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ల గుండె వేగం ఒళ్లు కాగుతున్నా అంతగా పెరగదు. పైగా వాచీ చేసేదల్లా ఆకుపచ్చ వెలుగును చర్మంలోకి పంపి, రక్తం పొంగినప్పుడల్లా వెనక్కి వచ్చే వెలుగు ఎంత మారిందో చూడటమే. డంపర్ కుదుపులు, పార ఊపులు, చెమట, వదులుగా ఉన్న పట్టీ అన్నీ ఆ లెక్కను చెడగొడతాయి. నడిచే అడుగుల లయనే గుండె కొట్టుకోవడంగా పొరబడటమూ ఉంది. మీ వాచీని చుట్టిన తువ్వాలుకు కట్టి చూడండి. దానికి కూడా గుండె వేగం చూపిస్తే ఇక ఆ అంకెను పట్టించుకోకండి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఆక్సిజన్ అంకె. బొగ్గు తనంతట తానే రాజుకునే ఊరు ఇది. బొగ్గు సరిగా మండనిచోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ విషవాయువు రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. విషమెక్కిన రక్తం కూడా వాచీ వెలుగుకు మంచి రక్తంలాగే ఎర్రగా కనిపిస్తుంది. మనిషి కూలిపోతున్నా తెర మీద 98 ఉండొచ్చు. చలికాలంలో తలుపులు మూసి ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అంకె చూస్తూ కూర్చోకుండా బయటి గాలిలోకి పరుగెత్తండి. గనిలో వాయువును కొలవవలసింది గ్యాస్ డిటెక్టరు. భూగర్భ గనిలోకైతే అనుమతి లేని బ్యాటరీ వస్తువు ఏదీ తీసుకెళ్లనే వద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

రక్తహీనత ఉన్నవాళ్ల విషయంలో వాచీ మరో రకంగా మోసపోతుంది. అది చెప్పేది ఉన్న రక్తంలో ఆక్సిజన్ శాతమే తప్ప అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో కాదు. 6 గ్రాములే ఉన్న బాలింతకు కూడా 98 చూపిస్తుంది. సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఆ శాతమూ నమ్మదగింది కాదు. గిరిజన ప్రాంతాల్లో ఈ జబ్బును పట్టుకోవడానికి కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పినపాక, కరకగూడెం, గుండాల వైపు కోయగూడేల నుంచి వచ్చే ప్రతి కుటుంబమూ ఆ రక్తపరీక్ష చేయించుకోవాలి. చర్మం రంగు కూడా ఈ కొలతను మార్చేస్తుంది. ఆసుపత్రుల్లో వేలికి పెట్టే ఆక్సీమీటర్లే అమెరికాలో నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడింతలు ఎక్కువసార్లు గుర్తించలేకపోయాయని 2020లో మిషిగన్ వైద్యులు బయటపెట్టారు. ఎండలో పనిచేసే మన చేతుల మీద మణికట్టు వాచీ అంతకంటే మెరుగ్గా చూస్తుందనుకోవడానికి ఆధారం లేదు.

సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తానన్న వాచీని కొనకండి. అలాంటి వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. బీపీ అంకె కూడా అంతే. శాంసంగ్ లాంటి కంపెనీ వాచీలోనైనా 28 రోజులకోసారి చేతికి పట్టీ కట్టి కొలిచే యంత్రంతో సరిచూసుకోవాలి. ఆ యంత్రం ఎలాగూ కావలసిందే కాబట్టి దానితోనే బీపీ చూసుకోండి.

మంచినీ కాదనలేం. గుండె లయ తప్పడాన్ని పట్టుకోవడంలో మంచి వాచీలకు నిజమైన బలం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 4 లక్షల మందికి పైగా యాపిల్ వాచీ వాడేవాళ్లతో చేసిన పరిశీలన ఫలితాలు 2019లో వచ్చాయి. లయ తప్పిందన్న హెచ్చరిక వాళ్లలో అర శాతం మందికే వచ్చింది. ఆ తర్వాత ఈసీజీ పట్టీ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో మూడోవంతు మందికి లయలోపం కనిపించింది. పక్షవాతానికి దారితీసే లోపం అది. కాబట్టి వాచీ 'లయ తప్పింది' అంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏమీ అనలేదని మాత్రం వెళ్లడం మానకండి. రోజూ ఎన్ని అడుగులు వేస్తున్నారో, నైట్ షిఫ్టుల వారంలో నిద్ర ఎంత తగ్గుతోందో, విశ్రాంతిలో గుండె వేగం నెలనెలా ఎటు పోతోందో చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

పడిపోతే తానే ఫోన్ చేస్తుందన్న ఏర్పాటు చూసి తునికాకుకో, చేపలకో ఒంటరిగా అడవిలోకి వెళ్లొద్దు. చాలా వాచీలకు పక్కన ఫోన్, ఆ ఫోన్‌కు సిగ్నల్ ఉండాలి. గుండాల దారిలో సిగ్నల్ ఎక్కడ పోతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు.

అడవి అంచున బతికేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2017 నవంబరులో స్ట్రావా అనే యాప్ విడుదల చేసిన పటంలో సైనికులు పరుగెత్తిన దారులన్నీ వెలిగిపోయి, ఎడారుల్లోని రహస్య స్థావరాల రూపురేఖలు 2018 జనవరిలో లోకానికి తెలిసిపోయాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు క్యాంపుల్లో ఉన్న జవాన్లు, అశ్వాపురం భారజల కర్మాగారం ఉద్యోగులు తమ నడకను అందరికీ కనిపించేలా పెట్టకూడదు. యాప్‌లో లొకేషన్ షేరింగ్ ఇవాళే ఆపేయండి. పొద్దున్నే ఒంటరిగా నడిచే ఆడవాళ్లకూ ఇదే మాట.

బ్యాటరీ ఉబ్బినా, చర్మం చురుక్కుమన్నా వెంటనే వాచీ తీసేయండి. వేడెక్కి కాల్చేస్తోందని ఫిట్‌బిట్ సంస్థ 2022 మార్చిలో ఐయానిక్ అనే తన వాచీలు సుమారు 17 లక్షలు వెనక్కి పిలిపించుకుంది.

ఇక సింగరేణి యాజమాన్యానికీ, కాంట్రాక్టర్లకూ, థర్మల్ కేంద్రం అధికారులకూ మా డిమాండు. ఎండలు ముదరకముందే పని జరిగే ప్రతిచోటా నీడ, చల్లటి నీళ్లు, ఓఆర్ఎస్ పెట్టండి. మధ్యాహ్నం ఓబీ పనుల వేళలు మార్చండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం బరువు పని తగ్గించండి. శరీరం ఎండకు అలవాటు పడేలోపే వడదెబ్బలు ఎక్కువ తగులుతాయి. వాచీ అంకె మామూలుగానే ఉందన్న కారణంతో కళ్లు తిరుగుతున్నాయన్న కార్మికుణ్ణి తిరిగి ఎండలోకి పంపే హక్కు ఏ సూపర్‌వైజరుకూ లేదు.