భాష మారింది, భయం మారలేదు

ఒక భాషలో ప్రజాదరణ పొందిన చిత్రాన్ని మరొక భాషలో తిరిగి తీయడం మన సినిమా రంగానికి కొత్త విషయం కాదు. సలీం–జావేద్ జంట రచించిన ‘జంజీర్’ (1973) తెలుగున ‘నిప్పులాంటి మనిషి’ (1974)గా, ‘దీవార్’ (1975) ‘మగాడు’ (1976)గా, ‘డాన్’ (1978) ‘యుగంధర్’ (1979)గా వెలువడ్డాయి. మూడింటిలోనూ నందమూరి తారక రామారావు గారే కథానాయకులు. ఉర్దూ నుడికారంతో నిండిన ఆ సంభాషణలు తెలుగు పలుకుబడిని తొడుక్కొని మన ప్రేక్షకుల మధ్యకు వచ్చాయి. రెండు లిపులు పక్కపక్కనే కూర్చునే ఇట్టి సంచికలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని గురించి ముచ్చటించుకోవడం సముచితమని మేము భావిస్తున్నాము.

రీమేక్ మాట వచ్చినప్పుడెల్లా విద్యార్థుల మధ్య సాగే చర్చ ఒక్కటే: మాతృక గొప్పదా, రీమేక్ గొప్పదా? నటులను త్రాసులో వేసి తూచడంతోనే ఆ చర్చ ముగిసిపోతుంది. ఒక కథ ఒక నేలను విడిచి మరొక నేలకు వచ్చినప్పుడు అందులో ఏమి మారింది, ఏమి మారలేదు, మారకపోవడానికి కారణమేమి అని విచారించడం అంతకన్న ఫలవంతమని మా అభిప్రాయం. అట్టి విచారణకు ‘దృశ్యం’ కన్న తగిన నేరకథా చిత్రం మరొకటి మాకు కనబడలేదు.

జీతూ జోసెఫ్ రచించి, దర్శకత్వం వహించిన మలయాళ ‘దృశ్యం’ 2013 డిసెంబరు 19న విడుదలైంది. ఏడాది తిరగకుండానే కన్నడంలోకి, తెలుగులోకి వచ్చింది. సురేష్ ప్రొడక్షన్స్ వారి తెలుగు చిత్రానికి దర్శకురాలు శ్రీప్రియ. అది 2014 జూలై 11న విడుదలైంది. అంటే తెలంగాణ రాష్ట్రం అవతరించి నలభై దినాలైనా నిండకముందే అన్నమాట. మరుసటి సంవత్సరం తమిళంలో ‘పాపనాశం’, హిందీలో ‘దృశ్యం’ వచ్చాయి. 2017లో సింహళం, 2019లో చీనా భాష ఈ కథను స్వీకరించాయి.

కథ అందరికీ తెలిసినదే అయినా సంగ్రహంగా చెప్పుకొందాము. కేబుల్ టీవీ వ్యాపారం చేసుకొని బ్రతికే ఒక సామాన్య గృహస్థు. పెద్ద చదువులు లేవు. సినిమాలు చూడడమే వ్యసనం. ఆయన పెద్ద కుమార్తె విద్యార్థినుల శిబిరానికి వెళ్లినప్పుడు ఒక యువకుడు ఆమె స్నానం చేస్తుండగా సెల్‌ఫోనులో రహస్యంగా చిత్రీకరిస్తాడు. దానిని చూపి బెదిరిస్తాడు. తల్లి వేడుకుంటే ఆమెనే కోరడానికి వెనుదీయడు. ఫోనును పగులగొట్టబోయి కుమార్తె కొట్టిన దెబ్బ అతని తలకు తగులుతుంది, అతడు మరణిస్తాడు. అతని తల్లి పోలీసు ఐ.జి. అటుపిమ్మట ఆ గృహస్థు తాను చూసిన సినిమాల సారమంతా పిండి, నేరం జరిగిన దినాన తన కుటుంబం ఊరిలోనే లేదని నలుగురి చేతా నమ్మకంగా చెప్పించగలుగుతాడు. శవం కొత్తగా కడుతున్న పోలీసు స్టేషను నేల క్రింద భద్రంగా ఉండిపోతుంది.

ఇక మారినవేవో చూద్దాము. మలయాళంలోని జార్జికుట్టి క్రైస్తవుడు. ధ్యాన కూటానికి వెళ్లివచ్చామన్నది ఆ కుటుంబం కల్పించుకున్న సాక్ష్యం. తెలుగులో అతడే రాంబాబు అయినాడు. ఏర్పాట్లు అందుకు తగినట్టు మారాయి. మోహన్‌లాల్ స్థానంలో వెంకటేష్, ఆశా శరత్ స్థానంలో నదియా, సిద్దిఖ్ స్థానంలో నరేష్ వచ్చారు. భార్య పాత్రలో మీనా, చిన్న కుమార్తెగా ఎస్తర్ అనిల్, మరణించిన యువకునిగా రోషన్ బషీర్ రెండు చిత్రాలలోనూ వారే.

వెంకటేష్ నటనను మేము మనస్ఫూర్తిగా మెచ్చుకొంటాము. మన అగ్రనటుడు తెరమీద దెబ్బలు తిని తిరిగి చేయెత్తకుండా నిలబడడం మన ప్రేక్షకులకు అలవాటైన దృశ్యం కాదు. భార్యాబిడ్డలను కళ్లెదుట హింసిస్తుంటే నిస్సహాయంగా చూస్తూ ఉండిపోయే తండ్రిగా ఆయన తన తారాస్థాయిని గుమ్మం బయటనే విడిచి వచ్చారు. పోరాటాలు చొప్పించమన్న ప్రలోభానికి దర్శకురాలు లొంగకపోవడం మరింత ప్రశంసనీయం.

అయితే రెండు విషయాలలో మాతృకదే పైచేయి అని చెప్పక తప్పదు. మొదటిది కానిస్టేబులు పాత్ర. మలయాళంలో దానిని ధరించిన కళాభవన్ షాజన్ అంతకుముందు హాస్యపాత్రలతో ప్రసిద్ధుడు. నవ్వించే ముఖంలో నుండి క్రౌర్యం బయటపడేసరికి మనం ఉలిక్కిపడతాము. మన ఎదురింటి మనిషే ఇంతటివాడా అనిపిస్తుంది. తెలుగులో వీరభద్రంగా నటించిన రవి కాలే సమర్థుడే గాని, మన ప్రేక్షకులు ఆయనను కఠిన పాత్రలలోనే చూసి ఉన్నారు. తెరమీద కనబడగానే ఈతడు దుష్టుడని తెలిసిపోతుంది. ఉలికిపాటు లేదు.

రెండవది భాష. తమిళ ‘పాపనాశం’ను గమనించండి. దర్శకుడు జీతూ జోసెఫే. కాని కథను తిరునెల్వేలి ప్రాంతంలో నిలిపి, జయమోహన్ చేత సంభాషణలు వ్రాయించి, కమల్‌హాసన్ నోట ఆ ప్రాంతపు యాసనే పలికించారు. ఆ మనిషి ఆ మట్టిలో మొలిచినవాడే అనిపిస్తుంది. మన రాంబాబు మాట్లాడేది సినిమాలలో వినిపించే సర్వసాధారణమైన తెలుగు. అతడు ఏ జిల్లావాడో ఆ మాటను బట్టి చెప్పలేము. జనగామకు, స్టేషన్ ఘన్‌పూర్‌కు నడుమ రఘునాథపల్లిలో బస్సు దిగి, బజారులో తెలుగూ ఉర్దూ ఒకే వాక్యంలో కలిసి పలికే మాటను వినే మాకు ఈ లోటు స్పష్టంగా కనబడింది. పరాయి కథను తెచ్చుకోవడంలో దోషమేమీ లేదు. దానికి ఇక్కడి నోరు ఇవ్వకపోవడమే దోషం.

ఇంతవరకు మేము చెప్పినది మారిన వాటిని గురించి. అసలు మమ్ము కలవరపెట్టినది మారని విషయం.

మతం మారింది, ఊరు మారింది, భాష మారింది, వంట మారింది, కట్టుబొట్టు మారింది. ఇన్ని భాషలలో ఏ ఒక్క దర్శకునికీ మార్చవలసిన అవసరం కలుగని ఘట్టం ఒకటి ఉన్నది. ఆ బాలిక తనకు జరిగిన అన్యాయాన్ని వెంటనే ఎవరికీ చెప్పదు. తల్లికి తెలిసిన తరువాత తల్లి అయినా ఠాణాకు వెళ్లదు. వారెందుకు వెళ్లలేదని ఎర్నాకుళంలోని ప్రేక్షకుడు అడుగలేదు, వరంగల్లులోని ప్రేక్షకుడు అడుగలేదు, ముంబాయిలోని ప్రేక్షకుడు అడుగలేదు. వెళ్లరని అందరికీ తెలుసు. పరువు అని తెలుగువారంటారు, ఇజ్జత్ అని ఉర్దూ మాట్లాడేవారంటారు. మా వీధిలో రెండు మాటలూ వినిపిస్తాయి. రెండింటి వెనుక ఉన్న భయం ఒక్కటే. ఈ కథ ఇంత సులభంగా సరిహద్దులు దాటడానికి కథనంలోని బిగి ఒక కారణమైతే, ఈ భయం అన్ని చోట్లా సిద్ధంగా ఉండడం అంతకన్న పెద్ద కారణం. రీమేక్ విజయాన్ని చూసి మనం చిత్రసీమను అభినందిస్తాము. కాని ఆ విజయం సమాజం మీద మోపుతున్న నిందను గమనించము.

“పోలీసులకు చెబితే ఇక కథ ఎక్కడిది?” అని కొందరు మిత్రులు ఆక్షేపింపవచ్చును. సినిమాగా వారి మాట నిజమే. పైగా ఆ కుటుంబపు భయం నిర్హేతుకమని కూడా మేము అనము. ఊరి ఠాణాలో వీరభద్రం వంటివాడు, పై కుర్చీలో ఆ యువకుని తల్లి ఉన్నచోట సామాన్యుడు ఏ ధైర్యంతో గడప ఎక్కగలడు? చిత్రం చూపినది అబద్ధం కాదు. అయితే అది చూపినది సగమే.

మిగిలిన సగం చట్టం. స్త్రీని రహస్యంగా చిత్రీకరించడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొంటూ భారత శిక్షాస్మృతిలో 354–సి సెక్షను చేరినది 2013లోనే. అంటే మాతృక విడుదలైన సంవత్సరమే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. మొదటిసారి నేరానికే ఏడాదికి తగ్గకుండా మూడేండ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. బాధితురాలు పదునెనిమిదేండ్లలోపు బాలిక అయితే 2012 నాటి పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది. ఆత్మరక్షణ హక్కును పాత శిక్షాస్మృతీ గుర్తించింది, కొత్త సంహితా గుర్తించింది. ఆ దెబ్బ ఆ హక్కు పరిధిలోకి వచ్చేదా రాదా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. కాని వాదించుకోవడానికి ఆ బాలికకు ఒక వాకిలి ఉన్నదన్నది వాస్తవం. సినిమాలన్నిటినీ కంఠస్థం చేసిన ఆ తండ్రికి ఈ ఒక్క వాకిలి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మౌనం వలన పరువైనా దక్కిందా అంటే, దానికి జీతూ జోసెఫ్ తానే సమాధానం చెప్పారు. 2021 ఫిబ్రవరిలో మలయాళంలోను, అదే ఏడు నవంబరులో తెలుగులోను వచ్చిన రెండవ భాగం ఆరేండ్ల తరువాతి కథ. తెలుగు చిత్రానికి కూడా ఈసారి ఆయనే దర్శకులు. ఆ కుటుంబానికి ధనం సమకూరింది గాని నిద్ర కరువైంది. పోలీసు వాహనపు చప్పుడు వింటే పెద్ద కుమార్తె వణికిపోతుంది, మూర్ఛపోతుంది. ఊరివారు ఆ పిల్లకూ మరణించిన యువకునికీ సంబంధం అంటగట్టి గుసగుసలాడుకుంటారు. ఏ పరువు కోసం నిజాన్ని ఠాణా నేల క్రింద పాతిపెట్టారో ఆ పరువు కూడా నిలువలేదు. మొదటి భాగం చూసి చప్పట్లు కొట్టిన మనం రెండవ భాగంలోని ఈ లెక్కను శ్రద్ధగా చదువుకోవలసి ఉన్నది.

చీనా రీమేక్ ‘వు షా’ వేరొక మార్గం తొక్కింది. శామ్ క్వా దర్శకత్వంలో 2019 డిసెంబరులో వచ్చిన ఆ చిత్రంలో కథ థాయిలాండులో జరుగుతుంది. చివరకు తండ్రి చట్టానికి లొంగిపోతాడు. ఇది నీతికి దగ్గరగా ఉన్నదని కొందరు మెచ్చుకున్నారు. మాకు అది తృప్తినివ్వలేదు. ముగింపులో నేరస్థుని జైలుకు పంపడం సులభం. మొదట్లో ఆ బాలిక నోరు విప్పగలిగే పరిస్థితి కల్పించడమే కష్టం. దానిని చీనా చిత్రమూ కల్పించలేదు. ఈ విషయంలో తెలుగు రీమేక్ మాతృక ముగింపునే నిలుపుకొని మంచిపని చేసిందని మా విశ్వాసం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ఎదుట నిలబడి, చెప్పీ చెప్పకుండానే ఆ గృహస్థు క్షమాపణ కోరే ఘట్టంలో విజయగర్వం లేదు. ఎవరూ గెలువలేదన్న బరువే మిగులుతుంది. ఆ బరువుతో ప్రేక్షకుడు ఇంటికి వెళ్లడమే ఆ కథకు న్యాయం.

కళాశాల సంచికలో సినిమాను గురించి ఇంత దీర్ఘంగా వ్రాయడం ఎందుకని పెద్దలు ప్రశ్నించవచ్చును. ఆ కథలో బాధితురాలు ఒక విద్యార్థిని. బాధ మొదలైనది చదువు పేరున జరిగిన శిబిరంలో. నేడు ఆ సెల్‌ఫోను ప్రతి జేబులోను ఉన్నది. మా తోటి విద్యార్థినులలో ఎందరో తండ్రినో అన్ననో ఒప్పించి, రోజూ బస్సెక్కి చదువుకోవడానికి వస్తున్నారు. ఏదైనా చెప్పుకుంటే “ఇక చదువు చాలు” అంటారేమోనన్న భయంతో ఎన్ని మాటలు గొంతులోనే ఆగిపోతున్నాయో ఎవరికి తెలుసు? మైనారిటీ కుటుంబాల ఆడపిల్లలకు ఈ భయం ఒక పిసరు ఎక్కువే గాని తక్కువ కాదు.

కనుక కమిటీ వారికి మా విన్నపం ఇది. ఉన్నత విద్యాసంస్థలలో అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండాలని 2013 నాటి చట్టమూ, 2015 నాటి యూజీసీ నిబంధనలూ ఆదేశిస్తున్నాయి. అట్టి సంఘం కాగితం మీద ఉంటే చాలదు. దాని సభ్యుల పేర్లు తెలుగులోను, ఉర్దూలోను ప్రతి తరగతి గది గోడ మీద కనబడాలి. మహిళల సహాయానికి 181, బాలలకు 1098, సైబరు నేరాలకు 1930 అన్న సంఖ్యలు వాటి క్రింద ఉండాలి. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలై రాష్ట్రమంతటికీ విస్తరించిన షీ టీముల వారిని ఏడాదికొకసారి పిలిపించి, పిల్లలతోను, వారి తల్లిదండ్రులతోను మాట్లాడించాలి. ఫిర్యాదు చేసిన పిల్ల చదువు ఆగదని తల్లిదండ్రులకు కళాశాల ముందుగానే మాట ఇవ్వాలి. ఆ మాటే అన్నిటికన్న ముఖ్యం.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. రాంబాబు తెలివిని మెచ్చుకోండి, వెంకటేష్ నటనను మెచ్చుకోండి, మోహన్‌లాల్‌తో పోల్చి చర్చించుకోండి. ఆ చర్చలో మేమూ పాల్గొంటాము. కాని ఆ ఫోను పట్టుకున్న యువకుడు కూడా ఒక విద్యార్థి వయస్సువాడేనని మరువకండి. అటువంటి దృశ్యం ఎవరైనా మీకు పంపితే దానిని మరొకరికి పంపకుండా, తీసినవానికి బుద్ధి చెప్పి, ఆ పిల్ల పక్షాన నిలబడడం మీ చేతిలోని పని.

ఈ కథ ఇంకా ఎన్ని భాషలలోకైనా వెళ్లవచ్చును. ఏదో ఒకనాడు మన యాసలోనే, మన రఘునాథపల్లి బజారులోనే దీనిని తీయాలని ఎవరైనా వస్తే రానివ్వండి. అప్పటికి ఇక్కడి ప్రేక్షకుడు మొదటి అరగంటలోనే లేచి “ఈ అమ్మాయి ఎందుకు చెప్పలేదు? మా ఊరిలో అయితే చెప్పి ఉండేది” అనగలిగితే, ఆ రీమేక్ ఇక్కడ ఆడకపోయినా మాకు విచారం లేదు.