సాయం సరే, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర?

మా ఆడపడుచు పెళ్ళికి సాయం చేస్తామన్న చుట్టాలకి కొదవ లేకపోయింది. స్టీలు బిందెలే నాలుగొచ్చాయి. షామియానా అతనికి ఇవ్వడానికి మాత్రం డబ్బు లేదు. చివరికి మా అత్తగారు "ఏమిచ్చినా నా చేతికివ్వండి, ఏం కావాలో నేను చెబుతాను" అని నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నారు. మొజాంబిక్ ఆసుపత్రుల గురించి చదువుతుంటే నాకా పుస్తకమే గుర్తొచ్చింది.

ఆఫ్రికా తూర్పు తీరాన, 1975 దాకా పోర్చుగీసు పాలనలో ఉన్న దేశమది. 1992లో అంతర్యుద్ధం ముగిసేసరికి పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలెన్నో శిథిలమై ఉన్నాయి. జాలిపడి దేశాలూ, స్వచ్ఛంద సంస్థలూ పదుల సంఖ్యలో వచ్చాయి. రావడం మంచిదే. కానీ ఒకరు ఒక జిల్లా పట్టుకుంటే ఇంకొకరు ఒక జబ్బు పట్టుకున్నారు. ఎవరి జీపులు వాళ్ళవి, ఎవరి రిపోర్టులు వాళ్ళవి. సర్కారు ఆసుపత్రిలో అరకొర జీతాలతో నెట్టుకొస్తున్న డాక్టర్లు, నర్సులు కొందరు ఎక్కువ జీతమిచ్చే ఆ సంస్థల్లోకే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు దాతలకి లెక్కలు రాయాలా, రోగుల్ని చూడాలా? నొప్పులు పడుతూ నడిచొచ్చిన పిల్లకి, పురుడు పోసే మనిషి లేనప్పుడు ఎదురుగా కొత్త జీపుంటే ఏం ఒరుగుతుంది?

2000లో ఆరోగ్య శాఖా, దాతలూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. ప్రణాళిక ఆ దేశం వేసుకుంటుంది, సాయం దాన్ని బట్టి నడుస్తుంది అని. తర్వాత ఉమ్మడి నిధి కూడా ఏర్పడింది. అమెరికా మాత్రం ఎయిడ్స్ కోసం ఇచ్చే పెద్ద మొత్తాన్ని అందులో కలపలేదు, విడిగానే ఖర్చు పెట్టింది.

నేను ఉమ్మడి నిధి పక్షమే. అలాగని అక్కడి ప్రభుత్వాన్ని వెనకేసుకు రాలేను. పార్లమెంటుకి తెలియకుండా వంద కోట్ల డాలర్లకి పైగా అప్పులు దాచిన సంగతి 2016లో బయటపడింది. దాతలు బడ్జెట్‌కిచ్చే సాయం ఆపేశారు. పుస్తకం పట్టుకున్న చెయ్యే లెక్క దాస్తే ఇక ఎవరు నమ్ముతారు చెప్పండి!

పోనీ, విడిగా నడిపిన సాయం భద్రమా? 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. జూలైకల్లా దాన్ని నడిపే యుఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. 2021 సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో దాదాపు ఎనిమిదిమందికొకరు హెచ్ఐవితో బతుకుతున్న దేశం. రోజూ మాత్ర వేసుకోవాల్సిన జబ్బు. ఆ మాత్రలు అందేలా ఊళ్ళు తిరిగి చూసే కార్యకర్తలెందరో ఉన్నపళంగా ఇంటికి పోవాల్సి వచ్చింది. వాళ్ళలో చాలామంది పేర్లు ప్రభుత్వ జీతాల పట్టీలో ఏనాడూ లేవు.